గ్రైండర్ మోతలో మా మామ దగ్గు

పదకొండేళ్లు నేను నీళ్లు పోశాను. మొక్కలకు కాదు, బ్లేడుకు.

బండలు పరిచే పని తెలియనివాళ్లకు ఇది కాస్త విడమర్చి చెప్పాలి. నేలకు పరిచే బండను కొలతకు కోసేటప్పుడు ఒకరు గ్రైండర్ పట్టుకుంటారు. ఇంకొకరు పక్కకు ఒదిగి కూర్చుని, మూతకు చిల్లి పెట్టిన ప్లాస్టిక్ సీసాతో కోత మీద నీళ్లు వదులుతుంటారు. నీళ్లు పడకపోతే దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది, బ్లేడు మాడిపోతుంది. ఎక్కువైతే మిషన్‌లోకి పోయి కరెంటు కొడుతుంది. ధార సన్నగా, తెగకుండా, బ్లేడుకు వేలెడు ముందు పడాలి. మా పాలమూరు వైపు ఈ పని ఎక్కువగా మొగుడూ పెళ్లాలే చేస్తారు. మొగుడు కోస్తాడు, పెళ్లాం పోస్తుంది. వనపర్తిలో, గద్వాలలో, నాగర్‌కర్నూలులో కొత్తగా కట్టిన ఇళ్లల్లో మేమిద్దరం ఎన్ని గదుల్లో అలా కూర్చున్నామో నాకే గుర్తులేదు. ఆ ఇళ్లకు సున్నాలు కూడా పడకముందే మేం వెళ్లిపోయేవాళ్లం. వాటిలో మనుషులు ఎలా ఉంటున్నారో ఎప్పుడూ చూడలేదు.

నాకు పగటికలలు ఎక్కువ. ఇంటర్ దాకా చదివాను, చదివినంతకాలం పంతుళ్లందరూ ఆ మాటే అన్నారు. గ్రైండర్ మోత మొదలైతే నాకు మిగతా లోకం మాయమైపోయేది. వీధిలో ఆటోలు, పక్కింటి టీవీ, మనుషుల మాటలు, ఏదీ వినపడదు. మోత పెరిగేకొద్దీ నా లోపల నిశ్శబ్దం పెరిగేది. కిటికీలోంచి ఎండ పడితే నీటి తుంపరలో బెత్తెడు ఇంద్రధనుస్సు లేచేది. తాండూరు బండలు కొన్నింటిలో నల్లటి సన్నటి గీతలుంటాయి, అచ్చం చెట్ల కొమ్మల్లా. ఎవరూ గీయలేదు, రాయిలోనే పుట్టాయి. నీళ్లు పడి బండ తడిసిన కొద్దీ ఆ కొమ్మలు తేటపడేవి. నేను ఆ చెట్ల కింద నడిచేదాన్ని. ఎవరూ పిలవని చోటు అది, ఏ పనీ లేని చోటు. చాలాసేపు నడిచేదాన్ని.

"ఏమే, యాడికి పోయినవ్? బండ మీద పొయ్యమంటే నా కాళ్ల మీద పోస్తున్నవ్," అని మా ఆయన మిషన్ ఆపి అరిచేవాడు.

"నీ కాళ్లు కడుగుతున్న, పుణ్యం వస్తదని."

"పుణ్యం సంగతి తర్వాత జూద్దం తియ్యి, ముందు బ్లేడు సంగతి జూడు."

మా ఆయన నవ్వే మనిషి. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఆయనకు నవ్వు పెదవి మీద ఉంటుంది. అందుకే మా కాపురం నడిచింది అనుకుంటాను.

మా మామ సంగతి వేరు. ఆయన ఉలి మనిషి. రాజోలి దగ్గర తుంగభద్ర ఒడ్డున పుట్టి, రోళ్లు, తిరుగళ్లు, గుమ్మాలకు రాతి గడపలు చెక్కి బతికాడు. పెద్ద వరద వచ్చిన ఏడాది ఇల్లు కూలిపోతే ఉలుల సంచి ఒక్కటే భుజాన వేసుకుని కొడుకుతో వనపర్తి చేరాడు. నేను కోడలిగా వచ్చింది ఆ తర్వాతే. అత్తను నేను చూడలేదు, అప్పటికే లేదు. మామకు గ్రైండర్ అంటే గిట్టదు. "గా మిషన్ రాయిని కొయ్యదు, రాయి మీద ఒర్లుతది," అనేవాడు, దాని అరుపుకు చెవులు మూసుకుంటూ. అయినా మాకు పనులు వచ్చేది ఆయన మాట మీదే. ఆ మూడు ఊళ్లలో ఇల్లు కట్టే మేస్త్రీలంతా ఆయన్ని ఎరుగుదురు. ఫలానా ముసలాయన కొడుకంటే చాలు, పని ఇచ్చేవారు.

మా ఇంట్లో మామ ముందు కోడలు కూర్చోదు. నెత్తిన కొంగు లేకుండా ఎదురుపడదు. ఆయనతో నేరుగా మాట్లాడదు, మొగుడితో అన్నట్టు అంటుంది, ఆయన వింటాడు. ఇది ఆయన పెట్టిన కట్టడి కాదు, ఆయనకంటే ముందు నుంచీ ఉన్నదే. దీనికి ఆయన వైపు నుంచి కూడా ఒక మర్యాద ఉండేది. ఇంట్లోకి వచ్చే ముందు వాకిట్లో నిలబడి ఒకసారి దగ్గేవాడు. జబ్బు దగ్గు కాదు. నేనొస్తున్నాను, సర్దుకో అని చెప్పే దగ్గు. దగ్గి, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి, అప్పుడు అడుగు లోపల పెట్టేవాడు. ఆ దగ్గు చెవిన పడగానే నా చేతిలో ఏముంటే అది వదిలేసి ఎడమచేత్తో కొంగు నెత్తిమీదికి లాక్కుని లేచి నిలబడేదాన్ని. ఆ హడావిడిలో ఎన్ని రొట్టెలు మాడాయో. పదకొండేళ్లలో అది నా చేతికి అలవాటైపోయింది. నేను ఆలోచించే పనే లేదు, చెయ్యే చూసుకునేది.

నిజం చెప్పాలంటే అది నాకెప్పుడూ బరువనిపించలేదు. చెప్పకుండా లోపలికి రాని మనిషి మీద నాకు గౌరవం ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఇక గార్డు సంగతి. గ్రైండర్ కొన్నప్పుడు బ్లేడుకు సగం చుట్టూ ఒక ఇనుప రేకు వస్తుంది. బ్లేడుకూ మన చేతికీ మధ్య ఉండేది అదొక్కటే. మా ఆయన కొన్న రోజే దాన్ని ఊడదీశాడు. ఎందుకయ్యా అంటే, "గార్డుంటే గీత కనబడదే. పెద్ద బ్లేడు పట్టదు," అన్నాడు. మా పనివాళ్లలో గార్డు ఉంచుకున్నవాణ్ణి చూసి నవ్వుతారు, కొత్తోడు అనుకుంటారు. ఆ రేకును మేం ఏం చేశామో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాం. ఏళ్ల తరబడి అది మా తలుపును కాపాడింది.

గద్వాలలో కోట వెనక ఒక ఇంట్లో వంటగది గట్టుకు నల్ల కడప బండ కోస్తున్నాం. మందం బండ. మా ఆయన చిన్న మిషన్‌కు పెద్ద మిషన్ బ్లేడు తొడిగాడు. కుడిచేత్తో మిషన్, ఎడమచేత్తో బండ అంచు. పక్కపిడి అప్పటికే ఎక్కడో పోయింది. కోత చివరికి వచ్చేసరికి తెగే ముక్క బరువుకు కిందికి వంగుతుంది. వంగకుండా దాని కింద చెక్కముక్క దూర్చడం నా పని. నీళ్లు పోయడంతో పాటు నాకున్న పని అదొక్కటే.

ఆ రోజు బండ తడిసి అద్దంలా నల్లగా మెరుస్తోంది. అందులో పైన తెరిచి ఉన్న వెలుతురు గవాక్షం కనబడుతోంది. అందులో ఒక మబ్బు. అది చాలా నెమ్మదిగా బండకు ఆ చివర నుంచి ఈ చివరకు వస్తోంది. నేను ఆ మబ్బు అంచు దాటేదాకా చూద్దామనుకున్నాను. ముక్క వంగింది. కోత మూసుకుని బ్లేడును కరిచి పట్టుకుంది. మిషన్ ఒక్కసారిగా వెనక్కి తన్నింది.

మా ఆయన అరవలేదు. మిషన్ ఎగిరి గోడకు తగిలి పడింది. బండ మీద నీళ్లు ఎర్రబడ్డాయి. నేను ఇంకా పోస్తూనే ఉన్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆయన ఎడమచెయ్యి చూసుకుని, "సీసా ఆపే," అన్నాడు, మెల్లగా, నిద్రలేపినట్టు.

గద్వాల దవాఖానలో కట్టు కట్టి కర్నూలు పంపారు. అక్కడ నరాలు కుట్టారు. చెయ్యి మిగిలింది గాని బొటనవేలు, చూపుడువేలు మళ్లీ కలవలేదు. అన్నం ముద్ద తినడానికి కుడిచెయ్యి ఉంది. గ్రైండర్‌కు రెండు చేతులు కావాలి.

మా ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నేను గొడవ పెట్టుకుని ఏడ్చేదాన్ని, అంతటితో తేలికయ్యేది. ఆయన మాత్రం మంచం మీద పడుకుని, "పూనా పోదామే. మనోళ్లు చానమంది ఆడనే ఉన్నరు. ఒక చేత్తోటి చేసే పని ఏదన్న దొరకదా?" అన్నాడు. మావైపు చేతిపని పోయినవాళ్లకు మిగిలేది పూనా బస్సు. చుట్టుపక్కల ఊళ్లల్లో ఎందరో ఎక్కారు దాన్ని. మామ గోడ పక్కన కూర్చుని ఉలులకు మొన తీస్తున్నాడు. పూనా మాట వినగానే ఆయన చెయ్యి ఆగింది, మళ్లీ కదిలింది. రాజోలి పోగొట్టుకున్న మనిషి, వనపర్తి కూడా పోతుందని ఆయనకు అర్థమైందని నాకు తెలిసింది.

పడి పగిలిన మిషన్‌ను తీసుకుని నేను బస్టాండు వెనక మోటార్లు బాగుచేసే సాబు దగ్గరికి పోయాను. తెల్లగడ్డం, ముక్కు చివర అద్దాలు, చిన్న దుకాణం. అమ్మేస్తే అమ్మేద్దాం, ముందు తిరుగుతుందో లేదో చూద్దామని పోయాను. మా ఆయన చెయ్యి తెగిన సంగతి నేను చెబుతుంటే సాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గార్డు ఏదమ్మా?"

"ఇంట్ల తలుపుకు అడ్డం పెట్టినం సాబు."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మిషన్ తీసుకుపోయి పైఅరలో పెట్టాడు. "తలుపుకు రాయి పెట్టుకోర్రి. రాళ్ల పనోళ్లకు రాయి దొరకదా? గార్డు తెచ్చినంకనే మిషన్ తీస్కపో."

మర్నాడు గార్డు తీసుకుపోయాను. తుప్పు రుద్ది, దాని చోట్లో దాన్ని బిగించి, కొత్త పక్కపిడి పెట్టి, "ఎవరు నడిపిస్తరు ఇప్పుడు?" అని అడిగాడు. నోరు ముందు పోయింది, నేను వెనక పోయాను. "నేనే," అన్నాను.

సాబు అద్దాల మీంచి నన్ను చూశాడు. ఆడదానివి నీకెందుకు అంటే తిరిగి అనడానికి రెండు మాటలు సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

"బ్లేడు మీద రాసుంటది, ఎంత జోరు తట్టుకుంటదో. మిషన్ జోరు దానికంటె ఎక్కువుండొద్దు. ఉంటె బ్లేడు పటాకె లెక్క పేల్తది. గా పెద్ద బ్లేడు కత తోటే మీ ఆయన చెయ్యి పోయింది. పగులు ఉన్న బ్లేడు, వంకర పోయిన బ్లేడు చెత్తల ఎయ్యి, పాపం అనుకోకు. మార్చేటప్పుడు ప్లగ్గు పీకి, పీకిన ప్లగ్గు నీ కండ్ల ముంగట పెట్టుకో. ఆన్ చేసి జర సేపు ఉట్టిగ తిరగనియ్యి, నువ్వు పక్కకు జరుగు, బ్లేడుకు సీదా ఎదురుంగ ఎవ్వరు ఉండొద్దు. కోతల బ్లేడును వంచకు. తెగే ముక్కకు కింద ఊతం పెట్టు."

ఆ చివరి మాట దగ్గర నేను తల దించుకున్నాను. ఆయన చూసి, స్విచ్ చూపించాడు. నొక్కి పక్కకు జరిపితే అలాగే ఉండిపోయే గొళ్లెం ఒకటి దానికి ఉండేది. అది పోయింది.

"తీసేసి వేరే స్విచ్ ఏసిన. ఏలు ఇడిస్తె మిషన్ బంద్ కావాలె. కాని ఒక మాట యాదుంచుకో బేటీ. బంద్ చేసినంక గూడ బ్లేడు తిరుగుతనే ఉంటది. చప్పుడు తగ్గింది గద అని మనిషి చెయ్యి పెడతడు. పూరా నిలవడేదాక నీ మనసు దాని మీదనే ఉండాలె."

కరెంటు లీకైతే టప్పున పడిపోయే స్విచ్చు పెట్టె ఒకటి కూడా ఇచ్చాడు, నీళ్లతో పని కాబట్టి అది లేకుండా ప్లగ్గు పెట్టొద్దని ఒట్టు వేయించుకున్నాడు. లేచేటప్పుడు నా చీర వైపు చూసి, ఏదో అనబోయి, "జర కొంగు సంగతి చూస్కో," అన్నాడు. బొడ్లో దోపుకుంటానన్నాను. దోపుకోవడమూ చేశాను. ఎప్పుడూ దోపుకునే ఉండేది, మామ వచ్చిన ఆ రోజు దాకా.

పని నాగర్‌కర్నూలులో దొరికింది. ఊరి చివర అచ్చంపేట రోడ్డు వైపు ఒక ఇల్లు, మామ మాట మీదే. నేను మిషన్ పడతానంటే మా ఆయన ఒప్పుకుని, ఆ మాట మామకు చెప్పాడు. మామ "చూద్దం" అన్నాడు. మా ఇంట్లో మామ "చూద్దం" అంటే వద్దని అర్థం. నేరుగా వద్దనలేదు కాబట్టి పోయాం. ఆయన వచ్చి చూసి వద్దంటే అంతే సంగతులు. ఆయన మాట ఇవ్వకపోతే మాకు ఇంకో ఇల్లు దొరకదు. పూనా బస్సే.

మొదటి కోత నాకు బాగా గుర్తుంది. కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు, చెవుల్లో దూది. రెండు చేతులూ పిడుల మీద. మిషన్ వణుకు మోచేతుల్లోంచి పళ్లలోకి వచ్చింది. మా ఆయన ఎదురుగా, కాస్త పక్కగా కూర్చుని కుడిచేత్తో సీసా పట్టాడు. గార్డు ఉంటే గీత కనబడదన్నది శుద్ధ అబద్ధం. తల కాస్త పక్కకు వంచితే చక్కగా కనబడుతుంది. ఆ గీత తప్ప లోకంలో ఇంకేమీ లేదు. ఇన్నేళ్లూ నేను మోతలో కూర్చుని ఎక్కడెక్కడికో పోయాను. ఇప్పుడు మోత లోపలే ఉన్నాను, ఎక్కడికీ పోకుండా. అదీ ఒక కలలాగే ఉంది. కాకపోతే కళ్లు తెరుచుకుని కనే కల.

మా ఆయన నీళ్లు నా మోకాలి మీద పోశాడు.

"ఏందయ్యా, యాడికి పోయినవ్?" అన్నాను మిషన్ ఆపి.

"నీళ్లు పోసుడు గింత కష్టమని నాకు తెల్వదే," అన్నాడు. దెబ్బ తగిలాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

వారం రోజులు అలా నడిచింది. హాలు అయిపోయింది, ఒక పడకగది అయిపోయింది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం మామ వచ్చాడు.

ఆయన వాకిట్లో నిలబడి దగ్గే ఉంటాడు. తర్వాత అడిగితే దగ్గానన్నాడు, రెండుసార్లు దగ్గానన్నాడు. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి లోపలికి వచ్చాడు. ఇంట్లో అయితే ఆ దగ్గుకు నేను సర్దుకుని ఉండేదాన్ని. గ్రైండర్ మోతలో, చెవుల్లో దూదితో, ఆ దగ్గు నాకెలా వినబడుతుంది? ఎవరికీ తట్టలేదు ఆ సంగతి. సాబుకు మా ఇంటి పద్ధతి తెలియదు. మాకు పద్ధతి తెలుసు గాని, మిషన్ దగ్గర దాని సంగతి ఏమిటని ఆలోచించలేదు. నాకు కనబడింది బండ మీద పడిన నీడ, దాని వెనక మామ కిర్రు చెప్పులు.

నా చెయ్యే చూసుకుంది. ఎడమచెయ్యి పక్కపిడి వదిలి, బొడ్లోంచి కొంగు లాగి నెత్తిమీదికి విసిరింది. మోకాళ్లు లేవబోయాయి. తడిసిన కొంగు నెత్తిన నిలవకుండా ముందుకు జారింది. గార్డు ఉన్నది బ్లేడుకు నా వైపున. కొంగు పడింది అవతల, కోస్తున్న వైపున. బ్లేడు దాన్ని అందుకుంది.

మెడ మీద ఎవరో పట్టుకుని కిందికి గుంజినట్టయింది. గార్డు రేకు చల్లగా నా గడ్డానికి తగిలింది. అంత దగ్గరికి పోయాను. నా కుడిచేతి వేళ్లు ఎప్పుడు వదిలాయో తెలియదు. సాబు గొళ్లెం తీసేసిన స్విచ్ అది, వేలు వదలగానే మిషన్ చచ్చింది. జోరు మీదున్న బ్లేడు ఇంకో మూరెడు గుడ్డ చుట్టుకుని, చీర చిరిగి, ఆగింది. మా ఆయన సీసా పారేసి ప్లగ్గు పీకాడు.

మోత ఆగాక ఎంత నిశ్శబ్దమో. బయట ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు. మెడ మీద చీర అంచు కోసిన చోట మండుతోంది. మిషన్ నోట్లో నా కొంగు, ముద్దగా, తడిగా. నేను దాన్ని చూడలేక మామను చూశాను. నెత్తిన కొంగు లేకుండా ఆయన్ని నేరుగా చూడటం అదే మొదటిసారి. ఆయన ముఖంలో రక్తం లేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మూడు రోజులూ మిషన్ సంచిలోనే ఉంది. మా ఆయన, "ఇంక సాలు. నా చెయ్యి పోయింది, నీ మెడ పోగొట్టుకోలేను," అన్నాడు. పూనాలో ఉన్న తన చిన్ననాటి దోస్తుకు ఫోను చేశాడు. మామ ఎప్పటిలా వాకిట్లో దగ్గేవాడు, నేను మిగిలిన ఇంకో చీర కొంగు కప్పుకుని నిలబడేదాన్ని, ఆయన తిని పోయేవాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. మామ మీద అనుకుంటే, ఆయన దగ్గాడు కదా. నా మీద అనుకుంటే, నేను మర్యాద చేశాను కదా. తప్పు చేయడం నా చేతికి ఇంత బాగా నేర్పింది ఎవరు? నాకు ఆ పని కావాలి. పూనా వద్దనే కాదు, నాకు ఆ గీత కావాలి, ఆ బండ కావాలి. అప్పటిదాకా ఆ మాట నాకు నేనే చెప్పుకోలేదు. పగలు వంట చేస్తూ చేస్తూ నాగర్‌కర్నూలు ఇంట్లో సగంలో ఆగిపోయిన రెండో పడకగదిలో తిరిగేదాన్ని. బండల్లోని కొమ్మలు నా కాళ్లకు అడ్డం పడేవి. వాటిలో ఏది ఎక్కడ కోయాలో నాకు కనబడుతూ ఉండేది.

నాలుగో రోజు పొద్దున వాకిట్లో దగ్గు వినబడింది. లేచి నిలబడ్డాను. ఎంతసేపటికీ ఆయన లోపలికి రాలేదు. తొంగి చూస్తే గడప మీద కాగితం పొట్లం పెట్టి, అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

పొట్లంలో ఆయన తెల్లంగి ఉంది. పెళ్లిళ్లకు, చావులకు మాత్రమే తొడిగేది. మోచేతుల దాకా చేతులు కత్తిరించి, అంచులు మడిచి కుట్టించాడు. మెడ దాకా గుండీలు ఉన్నాయి. వదులుగా ఉన్న పక్కలను లోపలికి తీయించాడు. దర్జీ దగ్గర నిలబడి, కోడలి కొలత చెప్పలేక, ఎలా చెప్పి ఉంటాడో.

"కొంగు నడుముకు సుట్టి లోపల చెక్కుకో. పైన గిది ఏస్కో. ఏది ఎగరది, ఏది జారది," అన్నాడు వీధి వైపు చూస్తూ.

నేను మొగుడితో అన్నట్టు అనాలి. మొగుడు ఇంట్లో లేడు. "నువ్వొస్తె ఎట్ల మామా?" అన్నాను.

ఆయన భుజాలు కదిలాయి. ఇంకా అటే చూస్తున్నాడు.

"నేనొస్తె ఏంది? ఇంట్ల నువ్వు కోడలువు. ఆడ మేస్త్రివి. పని మీదున్న మేస్త్రి ఎవ్వరొచ్చినా లెవ్వదు బిడ్డా. నేను ఉలి పట్టుకున్నప్పుడు మా నాయనొచ్చినా లెవ్వలేదు." కాలితో చెప్పులు వెతుక్కుంటూ, "గా పొద్దు నేను నిన్ను సంపుతుంటి," అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

రెండో పడకగది మళ్లీ మొదలుపెట్టాం. అంగి వేసుకున్నాను, జుట్టు బిగించి గుడ్డ కట్టాను. తెగే ముక్క కింద మా ఆయన చెక్క దూర్చాడు. ఆ మధ్యాహ్నం కోత సగంలో ఉండగా నీడ కనబడింది. ఈసారి వెనక నుంచి కాదు. మామ ఇల్లంతా చుట్టి వచ్చి, కిటికీ అవతల, నాకు ఎదురుగా కనబడే చోట, బ్లేడు వరసకు పక్కగా నిలబడ్డాడు. ఎండలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. దగ్గలేదు. ఎవరింటికి పోయినా అరుగు మీద చాప వేయించుకునే మనిషి, నా కోత అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.

కోత అయింది. వేలు వదిలాను. మోత తగ్గింది, సన్నబడింది, ఈగ చప్పుడంత అయింది. బ్లేడు ఇంకా తిరుగుతోంది. మామ దాని వైపే చూస్తున్నాడు. అది పూర్తిగా నిలబడి, దాని మీది అక్షరాలు చదవడానికి వచ్చేదాకా చూశాడు. అప్పుడు దగ్గాడు.

నా ఎడమచెయ్యి లేచింది. నెత్తిమీద గుడ్డ ముడి, అద్దాల పట్టీ తగిలాయి. కొంగు లేదు. చెయ్యి ఏం చేయాలో తెలియక అక్కడే ఆగింది.

"కూసో," అన్నాడు ఆయన లోపలికి వస్తూ. "లెవ్వకు." కొడుకు చేతిలోంచి సీసా తీసుకుని, బండకు అవతల వైపు, మా ఆయన కూర్చునే చోట, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. పదకొండేళ్లలో మేమిద్దరం ఒకే నేల మీద ఎదురెదురుగా కూర్చోలేదు. మూత చిల్లిని బొటనవేలితో తడిమి చూసి, ధార సరిచూసుకుని, "కొయ్యి," అన్నాడు.

రెండు చేతులూ పిడుల మీద పెట్టాను గాని స్విచ్ నొక్కలేదు. అద్దాలు లోపలి నుంచి మసకబారాయి, గీత కనబడలేదు. గీత కనబడనప్పుడు నొక్కకూడదు. మళ్లీ తేటపడేదాకా ఆగాను. ఆయన సీసా పట్టుకుని అలాగే కూర్చున్నాడు.